గడ్డిమిట్ట ఎరిగిన మనిషి

మా పక్కింటి పెద్దమ్మ పోయిన మంగళవారం ఉదయం కన్నుమూసింది. సారపాకలో డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఉండగా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. నేను ఊరు చేరేసరికే మట్టి చేసి వచ్చారు. వాకిట్లో కూర్చున్నవారంతా ఆమెను గడ్డి కోసుకుని బతికిన ముసలమ్మగానే తలుచుకుంటున్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఊరి వెనుక, అడవికి ముందు, చెట్లు లేని మిట్ట ఒకటి ఉండేది. వానాకాలంలో ఆడవాళ్లు బర్రెలకు పచ్చిగడ్డి అక్కడే కోసేవారు. ఆ గడ్డిలో మేము ఈలజిట్ట అని పిలిచే పిట్ట బతికేది. పిచ్చుకంత ఉంటుంది. మట్టిరంగు ఒళ్లు, దానిపై గోధుమ చారలు, ఎగిరితే రెక్కల్లో ఇటుకరంగు. మగపిట్ట తుప్ప కొన మీద నుంచి సన్నగా ఈల వేస్తూ లేచి, రెక్కలు పైకెత్తి, కాళ్లు వేలాడేసి, నింపాదిగా మళ్లీ ఆ తుప్ప మీదికే దిగుతుంది. ఎన్నో ఏళ్లు ఆ దారిన నడిచి కూడా నేను దానిని పిచ్చుకే అనుకున్నాను. కాదని చూపించింది పెద్దమ్మే.

"గూడు కాడ అది దిగదు కొడకా. అవతల్నే దిగి గడ్డిల నడిచి పోతది. నోట్లె పురుగున్నదంటే ఇంట్ల పిల్లలున్నట్టే," అనేది.

గూడు గడ్డిదుబ్బు మొదట్లో, సగం కప్పు వేసిన గిన్నెలా ఉండేది. అది కంటపడగానే ఆమె ఆ దుబ్బు కొనలు కలిపి ముడి వేసేది. ముడి ఉన్నచోట ఊళ్లో ఎవరూ కొడవలి పెట్టేవారు కాదు. గూడు ఖాళీ అయింది కదా, ఇక కోయవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"పిల్లలు ఎగురుడు నేర్వకముందే నడుస్తయ్. గూడిడిసి గడ్డిల దాక్కుంటయ్. జల్దీ చేస్తే వాటి కాళ్లు తెగుతయ్," అంది.

ముప్పై దాటాక రాత్రిబడిలో చదివి నేను పదో తరగతి పరీక్షలు రాసిన రోజుల్లో, మా బర్రెకు అడగకుండానే మోపు తెచ్చి వేసింది కూడా ఆమే. ఆ చదువుతోనే నేను ఊరికి దరఖాస్తులు రాసేవాడినయ్యాను. ఆ చదువుతోనే ఆమెకు నష్టం చేశాను.

మిట్ట వివరాలు రాసి పంపమని మా ఊరి వన సంరక్షణ సంఘానికి అటవీశాఖ నుంచి ఒక కాగితం వచ్చింది. అందరూ కూర్చుని నన్ను రాయమన్నారు.

"గడ్డి ఉన్నది, జిట్టలున్నయ్ అని రాయి కొడకా," అంది పెద్దమ్మ.

"దానికి ఈ కాగితంల గడి లేదు పెద్దమ్మా. చెట్లెన్ని అని అడిగిండ్రు."

"చెట్లు లేకుంటే ఏం లేనట్టేనా?"

"కాగితం లెక్కన గంతే."

"నీ నెత్తి మీద ఎంటికలు లేవు గదరా. తలకాయ లేదని రాసుకుందమా?"

అందరూ నవ్వారు. ఆమె హాస్యానికే అన్నది. నాకు మాత్రం పట్టరాని రోషం వచ్చింది. గుండ్రని అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా, 'నిరుపయోగ భూమి' అని రాసి సంతకాలు చేయించాను.

మరుసటి వానలకు మిట్ట నిండా జామాయిల్ మొక్కలు నాటారు. మొక్కలు మోకాలెత్తు ఉన్న ఏడాది ఈలజిట్ట వాటి కొనల మీదే కూర్చుని పాడింది. "చూసినవా, ఏం కాలే," అన్నాను ఆమెతో.

"పెరగనీ. చెట్టయితే కాకి కూసుంటది. కాకికి పైనుంచి అన్ని కనవడతయ్," అంది.

మూడో ఏడు ఈల వినిపించలేదు. గడ్డీ పలచబడింది. పెద్దమ్మ బర్రెలను అమ్ముకుంది. వివరాలు సవరించమని నేను మూడు దరఖాస్తులు పెట్టాను. మూడుసార్లూ అటవీశాఖ ఆఫీసులో నా రాతనే తీసి నాకు చూపించారు. ఆ కాగితంలో తప్పు పట్టడానికి నాకే ఒక్క అక్షరం దొరకలేదు.

ఆమె ఒక్కసారి తిట్టినా బాగుండేది. తిట్టలేదు. దవాఖానాకు తీసుకుపోయినప్పుడు క్షమించమని అడగబోతే, "చాయ్ తాగినవా బిడ్డా?" అని మాట మార్చింది. ఆమె మంచితనం మీద నాకు ఇవాళ్టికీ కోపమే.

పోయిన వానాకాలం జామాయిల్ తోటలో ఆమెను దూరం నుంచి చూశాను. వరుసల మధ్య ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. అయినా ఆమె అడుగు వేసే ముందు వంగి, చేతికర్రతో ఆకులను అటూ ఇటూ తప్పించి, కింద ఏమీ లేదని చూసుకుని, అప్పుడు పాదం మోపుతోంది. అలా ఒక్కొక్క అడుగే వేస్తూ ఆ వరుస చివరిదాకా పోయింది.