గాలిపటానికి కెమెరా కట్టిన మా సైన్సు అయ్యవారు

మా సైన్సు అయ్యవారు పోయినారన్న కబురు పోయిన సోమవారం పొద్దున బడికి వచ్చింది. నేను ఎనిమిదో తరగతికి సవర్ణదీర్ఘ సంధి చెబుతున్నాను. బంట్రోతు గడప దగ్గర నిలబడి, "తెలుగయ్యవారూ, సైన్సు సారు లేడు" అన్నాడు. ఆయన జబ్బుతో సెలవులో ఉన్నాడు గనుక, "లేడని నాకూ తెలుసులేప్పా" అన్నాను. అతను కదలకుండా పైగుడ్డతో కండ్లు తుడుచుకునేసరికి గానీ నాకు అర్థం కాలేదు.

ఆయనది నందికొట్కూరు దగ్గర పల్లె. వేంపల్లెకు ఈవలున్న మా ఊరి హైస్కూలుకు బదిలీ మీద వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. రోజూ పొద్దున బడి వాకిట్లో నల్లబల్ల మీద ఆ రోజు వాన వస్తుందో రాదో రాసేవాడు. ఆ రాత మీద ఊరికి గట్టి నమ్మకం. 'వాన వచ్చును' అని ఆయన రాసిన రోజు ఆడవాళ్ళు మిద్దెల మీద శెనక్కాయలు ఎండబోసుకునేవాళ్ళు. 'ఆకాశం నిర్మలం' అని రాస్తే గొర్రెలను పెందలాడే దొడ్డికి తోలేవాళ్ళు. అడిగితే ఆయనేమీ నొచ్చుకునేవాడు కాదు.

"నా తప్పేముండాదప్పా? మనం కింద నుంచి సూస్తాండాం. మనకు అగపడేది మబ్బు కడుపు. లెక్క చెప్పల్లంటే దాని వీపు సూడల్ల" అనేవాడు.

రష్యావాళ్ళు ఆకాశంలోకి చిన్న చంద్రుణ్ణి వదిలిన యేడు ఆయన్ని పట్టడం మా వల్ల కాలేదు. పత్రిక చేతబట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి దూరి, "దానికి ఒక కన్ను పెడితే సాలు సార్. తుపాను సముద్రంలో పుట్టంగానే కనపడ్తాది. వాగులూ వంకలూ పారకముందే తెలుస్తాది" అన్నాడు. హెడ్మాస్టరు, "ముందు మన బడికి కప్పు పెట్టనీయప్పా" అన్నాడు. నిజమే. కొట్టాల్లో నడుస్తున్న మా బడికి రాతి కట్టడం అప్పుడే మంజూరైంది. ఊరి పక్క బీడులో పునాదులకు స్థలం చూశారు.

రష్యావాళ్ళు చేసింది తనకు చేతనైనంతలో తానూ చేయాలని ఆయనకు పట్టుదల. మరుసటి యేడు ఆషాఢం గాలులు లేవగానే మనిషంత గాలిపటం కట్టాడు. దానికి గుడ్డ కావాలి, తేలికగా ఉండాలి, చిరగకూడదు. తన పెండ్లినాటి పట్టుపంచె తీశాడు. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను వాకిట్లోనే నిలబెట్టి, "సూడు తమ్ముడా, పెండ్లి పంచె ఆకాశానికి పోతాండాది. రేపు నా చీర పోతాది" అంది. ఆయన లోపలినుంచి, "చీర బరువు, పనికిరాదు" అన్నాడు.

కడపలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డబ్బా కెమెరాను గాలిపటం కింద వేలాడదీసి, మీటకు రబ్బరు, రబ్బరుకు దారం, దారానికి ఊదుబత్తి కట్టాడు. ఊదుబత్తి కాలుతూ వచ్చి దారం తెగితే రబ్బరు మీటను లాగుతుంది. అందాకా గాలిపటం పైన నిలవాలి. పురికొస పట్టుకున్నవాళ్ళం నేనూ, డ్రిల్లు మాస్టరూ. డ్రిల్లు మాస్టరు పహిల్వాను, అయినా గాలి ఇద్దరినీ కంపచెట్ల దాకా ఈడ్చింది. "వదలొద్దప్పా! ఊదుబత్తి ఇంకా కాల్తాండాది!" అని ఆయన వెనక పరుగెత్తుతూ అరుపులు. మొదటిసారి తీసిన ఫోటోలో పడింది ఉత్త ఆకాశం, మూలన ఒక గద్ద. ఆయన దాన్నే స్టాఫ్ రూములో అందరికీ చూపించి, "గద్ద ఎంత స్పష్టంగా ఉండాదో సూడండి" అన్నాడు.

రెండోసారి ఊరు పడింది. కడప స్టూడియోలో పెద్దది చేయించుకుని వచ్చిన రోజు బడికి జాతర వచ్చినట్టు జనం వచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న, "మా మిద్దె యాడుందప్పా?" తమ మిద్దె దొరికినవాళ్ళు పక్కవాళ్ళ మిద్దెతో పోల్చుకున్నారు. గట్టు జరిపినావని ఇద్దరు అన్నదమ్ములు అక్కడికక్కడే చొక్కాలు పట్టుకున్నారు. వాళ్ళ మధ్య నలుగుతూ ఆయన ఒకటే మాట చెబుతున్నాడు, "గట్లు తర్వాత సూద్దురుగానీ, ఈ చార సూడండి!"

నిజంగానే బీడులో నల్లటి చార ఉంది. కొండవైపు నుంచి వంకరటింకరగా వచ్చి, ఊరి అంచు తాకి ఏటివైపు పోతోంది. కింద నిలబడితే అక్కడ బీడు తప్ప ఏమీ లేదు. "ఇది వంక పాత దారి. మట్టిలో ఇంకా తేమ ఉండాది, అందుకే నలుపు. పెద్దవాన కొడితే నీళ్ళు మళ్ళీ ఈడికే వస్తాయి" అన్నాడు. బడి పునాది గుంతలు సరిగ్గా ఆ చార నడుమ ఉన్నాయి.

కట్టడం పని చూస్తున్న పంచాయతీ ప్రెసిడెంటు ఫక్కున నవ్వాడు. "అయ్యవారూ, రేపు వాన వస్తాదో రాదో నీకు తెలీదు. ఎప్పటి వంకో తెలుస్తాదా?" అన్నాడు. ఆ పూట మా అయ్యవారు అన్నం తినలేదని అక్క చెప్పింది.

అయితే ప్రెసిడెంటు, తమ మిద్దె ఎంత పెద్దగా పడిందో తల్లికి చూపించాలని ఫోటో ఇంటికి పట్టుకుపోయాడు. ఆమె గడప దాటి శానా యేండ్లయింది, గుంతలు ఎక్కడ తవ్వారో ఆమెకు తెలియదు. ఫోటో కంటికి ఆనించుకుని చూసి, బడి ఎక్కడ కడుతున్నారో అడిగింది. కొడుకు వేలు పెట్టి చూపించాడు.

"ఆడనా? ఒరే, నా పెండ్లి బండి మునిగింది ఆడనే కదరా! మీ నాయన తడి పంచెతో తాళి కట్టినాడు."

"అది ఇప్పటి వంకలో అయ్యుంటాది లేమ్మా."

"నా పెండ్లి యాడ తడిసిందో నాకు తెలీదా? నీకు తెలుసునా?"

మర్నాడు ప్రెసిడెంటు గుంతలు పూడ్పించి, బడిని ఊరి పైన దిబ్బ మీదికి మార్చాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, గాలి బాగా తగుల్తాదని చెప్పాడు.

అప్పటినుంచి ఊరివాళ్ళ నోట్లో పడ్డవాడు మా అయ్యవారే. దిబ్బ ఎక్కుతూ ప్రతి పిల్లవాడూ, "వంక వచ్చిందా సార్?" అని అడిగేవాడు. ఆయన నవ్వుతూ, "రాకపోతేనే మంచిదిలేరా" అనేవాడు. కానీ మబ్బు పట్టినప్పుడల్లా ఆయన కొండవైపు చూడటం నేను గమనించాను.

కార్తీకంలో, కొండ మీద పెద్దవాన కొట్టిన ఒక మధ్యాహ్నం, వంక వచ్చింది. తలుపులింకా పెట్టని కొత్త బడిలో పాఠాలు చెబుతుండగా కొండవైపు నుంచి బండ్లు పరుగెత్తినట్టు చప్పుడు. ఎర్రటి నీళ్ళు బీడులోకి దిగి, ఫోటోలో ఉన్న వంకరలన్నీ తిరుగుతూ పోయాయి. పూడ్చిన పునాదుల చోట మట్టి కోసుకుపోయి మనిషి లోతు గుంత పడింది. అక్కడ కట్టి ఉంటే పిల్లలు ఆ వేళకు ఆ గదుల్లో ఉండేవాళ్ళు. ప్రెసిడెంటు వచ్చి మా అయ్యవారి చేయి పట్టుకున్నాడు.

అప్పుడు నేనే అడిగాను, "అయ్యవారూ, ఫోటోలో మీ ఇల్లు యాడ?"

ఊరంతా ఫోటోలో తమ మిద్దెలు వెతుక్కున్నారు, ఆయన మాత్రం వెతుక్కోలేదు. ఆయన బాడిగ ఇల్లు చార అంచునే ఉంది. మేం పరుగెత్తేసరికి మోకాటి లోతు నీళ్ళలో మంచం మీద కూర్చుని అక్క, బియ్యం కుండ ఒళ్ళో పెట్టుకుని ఉంది. "వంక మింద కొంప బాడిగకు తీసుకునేదానికి నీకంటే మొనగాడు యాడా లేడు!" అంది. ఆయన గడప మీదుగా పారుతున్న నీళ్ళు చూసి, "ఒక్క గజం కూడా పక్కకు పోలేదు సూడు!" అన్నాడు, కండ్లనీళ్ళతో.

ఈ యేడు మాఘంలో అమెరికావాళ్ళు మబ్బులు చూడటానికే ఒక ఉపగ్రహాన్ని పంపారని పత్రికలో వచ్చింది. అప్పటికే ఆయనకు దగ్గు ముదిరింది. అది పైకి పోయి తల ఊపుతూ తిరుగుతోందనీ, మబ్బుల పటాలు సరిగ్గా రాలేదనీ తర్వాత తెలిసింది. ఆయన లేచి కూర్చుని పకపకా నవ్వాడు. "తోక కట్టలేదప్పా వాళ్ళు!" అన్నాడు. మళ్ళీ దిండుకు ఆనుకుని, "అయినా పోయినారు సూడు, మబ్బు వీపు దాకా. ఈసారి కాకుంటే ఇంకోసారి వస్తాది" అన్నాడు.

నేను ఆయన్ని కడసారి చూసింది పదిహేను రోజుల కిందట. సాయంత్రం ఆయన ఇంటికి పోతే మంచం ఖాళీగా ఉంది. మిద్దెకు వేసిన నిచ్చెన సగంలో నిలబడి, ఆయాసపడుతూ, కొండ మీద నల్లగా లేచిన మబ్బును చూస్తున్నాడు.

"తెలుగయ్యవారూ, పైనుంచి అది ఏ రంగులో ఉంటాది?"

"నలుపే కదా" అన్నాను.

"కాదప్పా. పైన ఎండ ఉండాది. ఎంత నల్ల మబ్బయినా పైకి తెల్లగానే ఉంటాది. నలుపంతా కింద మనకే" అని, ఇంకొక మెట్టు ఎక్కాడు.

అక్క రెండు చేతులా నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మబ్బువైపు ఒక్కసారీ చూడలేదు. ఆయన పాదాలనే చూస్తోంది.