పొమ్మనలేక పుస్తకం పెట్టినట్లు

ఆ పుస్తకం రాసిన మహానుభావుడెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే ఆయనకు మంచిది, ఎందుకంటే నా నోరు మంచిది కాదు.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో నేను ఒక లైనుకు సూపర్‌వైజర్ని. లైనంటే వరసగా వేసిన మిషన్లు. ఈ చివర ముక్కలుగా మొదలైన గుడ్డ ఆ చివర ప్యాంటై దిగుతుంది. నా లైనులో కూర్చునేవాళ్ళంతా ఆడవాళ్ళే. పనివాళ్ళతో ఎలా మాట్లాడాలో, వాళ్ళను దారికి ఎలా తెచ్చుకోవాలో నేర్పే పుస్తకమని చెప్పి కంపెనీ మా సూపర్‌వైజర్లందరికీ తలా ఒకటి పంచింది. నిగనిగలాడే అట్ట. దాని మీద కోటు వేసుకున్న ఒకాయన ఇంకో కోటు మనిషి భుజం మీద చెయ్యి వేసి పళ్ళికిలిస్తున్నాడు. మా రేకుల షెడ్డులో ఎండాకాలం కోటు వేసుకుంటే ఆ ఇద్దరూ మధ్యాహ్నం దాకా బతకరు.

నాకు పని నేర్పింది పుస్తకం కాదు, ఒక ముసలి మేస్త్రీ. కుట్టు వంకర పోతే గుడ్డ లాక్కుని నా ఒళ్ళోకి విసిరేసేవాడు. "ఏమ్మే, కండ్లు సంతలో అమ్ముకోని వచ్చినావా?" అనేవాడు. అన్న నోటితోనే పక్కన స్టూలు లాక్కుని, తన చేత్తో ఆ కుట్టు విప్పి, నిదానంగా మళ్ళీ కుట్టి చూపించేవాడు. మధ్యాహ్నం నేను సద్ది తేలేదని తెలిస్తే తన రొట్టెలో సగం విరిచి ఇచ్చేవాడు, అదీ తిడుతూనే. మా వైపు పద్ధతి అది. తిట్టేవాళ్ళు మనవాళ్ళు. మెత్తగా మాట్లాడేవాళ్ళను చూస్తేనే మాకు భయం. సంబంధం వద్దనుకున్నవాళ్ళు, చావు కబురు మోసుకొచ్చినవాళ్ళు, పంచాయితీలో మన మీద తీర్పు చెప్పబోయేవాళ్ళు, వీళ్ళే మా ఊళ్ళలో "రండి, కూర్చోండి" అని మొదలుపెడతారు.

నాకూ ఆ మేస్త్రీ నోరే వచ్చింది. "నీ మొగం మండ" అనందే నా లైనులో పొద్దు గడిచేది కాదు. ఆ ఆడవాళ్ళూ తక్కువ తిన్నారా? "అక్క ఈ పొద్దు తిట్టలేదంటే జ్వరమొచ్చిందేమో చూడండే" అని నవ్వేవాళ్ళు.

ఇట్లాంటి చోటికి బెంగుళూరు నుంచి ఒక ట్రైనరు దిగాడు. ఏసీ ఉన్న ఒకే ఒక్క గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి పేజీ తర్వాత పేజీ చదివించాడు. గొంతు పెంచకూడదట. అందరినీ మీరు అనాలట. ముందు పొగడాలి, మధ్యలో లోపం చెప్పాలి, చివర మళ్ళీ పొగడాలి. జవాబు మనం చెప్పకూడదు, ప్రశ్న అడిగి ఊరుకోవాలి, జవాబు వాళ్ళ లోపలే ఉంటుందట. నేను లేచి, "సారూ, మిషన్ చెడిపోతే ఆ జవాబు గూడా వాళ్ళ లోపలే ఉంటాదా?" అని అడిగాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, "చాలా మంచి ప్రశ్న" అన్నాడు. మంచి ప్రశ్న అన్నాడే గానీ జవాబు చెప్పలేదు. పాపం, పుస్తకం ప్రకారమే నడుచుకున్నాడు.

ఆయన బస్సెక్కాక మా మేనేజరు మమ్మల్ని పిలిచాడు. ఈయనది బత్తలపల్లె వైపు. మామూలుగా నన్ను మించిన నోరు. "ఒక్కొక్కరు మీ లైనులో బాగా వెనకబడిన మనిషిని పట్టుకోండి. ఆ మనిషికి పుస్తకంలో ఉన్నట్లే కోచింగ్ ఇయ్యాల. ఈ షిప్‌మెంట్ పోయేలోగా దారికి రాకుంటే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తా. మళ్ళా నా దగ్గరికొచ్చి ఏడవద్దండి" అన్నాడు.

నా లైనులో వెనకబడింది కుందుర్పి నుంచి వచ్చే ఆమె. ప్యాంటు వెనక జేబులు అతకడం ఆమె పని. ఆ మధ్య ఆమె అతికిన జేబులు వంకరని పదే పదే తిరిగొస్తున్నాయి. చేతకాని మనిషి కాదు, ఏళ్ళ నుంచి కుడుతోంది. వాళ్ళ చేనులో శెనక్కాయ పెట్టడం, వాన కోసం మొగులు చూడడం, చివరికి కాయ పట్టని ఎండు చెట్లను గొర్రెలకు వేయడం, ఏటా ఇదే వరస. మొగుడు ఆ గొర్రెల వెనక తిరుగుతుంటాడు. "మిషనే మాకు చేను అక్కా. దీనికి వాన అక్కరలే" అనేది. ఆ సీటు పోతే ఆ ఇంట్లో పొయ్యి మీదికి ఎసరెక్కదు. అది నాకు తెలుసు, మేనేజరుకూ తెలుసు. అందుకే ఆ పుస్తకం ఎంత చిరాకైనా, ఆమె కోసం చెప్పింది చెప్పినట్లు చేద్దామని కూర్చున్నాను.

స్టోరు గదిలో మూలకు రెండు కుర్చీలు వేశాను. టీ తెప్పించాను. ఆమె గడప దగ్గరే ఆగిపోయింది.

"రండి, కూర్చోండి" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది, వెనకాల ఇంకెవరైనా వచ్చారేమోనని.

కూర్చోబెట్టి, బట్టీ పట్టిన మాటలు అప్పజెప్పాను. మీరు చాలా బాగా కుడతారు, మీరంటే లైనులో అందరికీ గౌరవం, ఈ మధ్య జేబుల్లో చిన్న ఇబ్బంది కనపడుతోంది, దానికి కారణం ఏమని మీరు అనుకుంటున్నారు? అడిగి, పుస్తకం చెప్పినట్లే నోరు మూసుకున్నాను. ఆమె టీ ముట్టలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చాలాసేపు కూర్చుని, ఆఖరికి చెప్పింది.

"పైన ఆ తెల్ల రేకుండాది కదా. మద్యానం అయితే ఎండ నేరుగా నా మిషన్ మిందికే దిగుతాది. కండ్లు జిగేల్ మంటాయి. జేబు యాడ పెట్టాల్నో గీసిన సుద్ద గుర్తు కనపడదు. చేత్తో తడిమి పెడతాండా."

వెలుతురు కోసమని కప్పులో అక్కడక్కడ తెల్ల ప్లాస్టిక్ రేకులు వేశారు. వేసవి ముందర మిషన్లు జరిపినప్పుడు ఆమెది సరిగ్గా ఒకదాని కిందికి వచ్చింది. నేను రోజూ తిట్టాను గానీ ఆమె పక్కన ఆ ఎండలో కూర్చుని చూడలేదు. కాబట్టి పుస్తకం వల్ల ఉపయోగమే లేదని అబద్ధమాడను. ఒక్క పేజీ ఉపయోగపడింది, అడిగి ఊరుకోమన్న పేజీ.

దాని తర్వాతి పేజీ చూడండి. "ఈ సమస్యకు మీ వైపు నుంచి మీరేం చేయగలరు?" అని అడగాలట. బుద్ధిగా అడిగాను.

"నేనేం చేయాల? రేకు నాదా?" అంది ఆమె.

ఈ జవాబుకు ఏం చేయాలో ఆ పుస్తకంలో లేదు. అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. మనసు మార్చుకోవడానికి పేజీలున్నాయి, అలవాటు మార్చుకోవడానికి ఉన్నాయి, రేకు మార్చడానికి ఒక్క వాక్యం లేదు. ప్రపంచంలో తప్పంతా కూలి మనిషి మనసులోనే ఉన్నట్లు, దాన్ని తట్టి లేపితే చాలన్నట్లు రాశాడు ఆ దొర. చివర మళ్ళీ పొగడాలి కదా, "మీ మీద నాకు పూర్తి నమ్మకముంది" అని చెప్పి పంపించాను.

నేరుగా మేనేజరు దగ్గరికి పోయి రేకు సంగతి చెప్పాను. మిషన్ పక్కకు జరపండి, లేదంటే రేకు మీద ఒక టార్పాలిన్ పట్టా కప్పండి అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్లుండాది మీ యవ్వారం. షిప్‌మెంట్ ముందర పెట్టుకోని లైను కదిలిస్తారా ఎవురన్నా? ముందు కోచింగ్ కానీయండి" అన్నాడు.

మరునాడు ఆమె రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మిషన్ మీద ఆమె కత్తెర లేదు, కుర్చీ మీద వేసుకునే పాత చీర మడత కూడా లేదు. ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా సర్దుకుని పోయింది. ఫోన్ చేస్తే ఎత్తదు. నాకు ఒళ్ళు మండిపోయింది. సీటు కోసం నేను పుస్తకాలు బట్టీ పడుతుంటే, ఈమె ఇంట్లో కూర్చుంటుందా?

ఆదివారం బస్సెక్కి కుందుర్పికి పోయాను. ఆమె ఇంటి ముందర కూర్చుని చింతకాయలు కొట్టి గింజ తీస్తోంది. ఎవరో వ్యాపారి ఇచ్చిన కూలి పని. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"రండి మేడం, కూర్చోండి. నీళ్ళు తాగుతారా?"

ఏనాడైనా నన్ను అక్కా అనకుండా పిలిచిందా ఈ మనిషి? ఆ మాట వినగానే నాకు దుఃఖం, కోపం రెండూ కలిసే వచ్చాయి. కోపం ముందు బయటపడింది.

"ఎవురే నీకు మేడం? నీ మొగం మండ! పని ఇడిసిపెట్టి ఈడ చింతకాయలు కొడతాండావా? నీకేమన్నా మతి ఉండాదా?" అని వీధంతా వినపడేట్లు అరిచాను.

ఆమె అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చేసింది.

"మల్ల ఆ పొద్దు అట్ల యాల మాట్లాడితివక్కా? నన్ను 'మీరు' అంటివి. శానా బాగా కుడతారు అంటివి. టీ తెప్పిస్తివి. నీ నోట్లో ఆ మాటలు యాడన్నా ఉండాయా? పొమ్మనలేక పొగబెడతాండారని అప్పుడే అనుకొంటి. అందరి ముందర పొమ్మనిపించుకునేదాని కంటే, మర్యాద మిగిలి ఉండంగానే పోదామని వచ్చేస్తి."

అది కోచింగే, నిన్ను నిలబెట్టుకోవడానికే అని ఎట్లా నమ్మించను? ఆమె అనుకున్నదాంట్లో తప్పేముంది? మా ఊళ్ళలో ఎవరైనా అట్లే అనుకుంటారు. నేనైనా అట్లే అనుకునేదాన్ని. "రేపు బస్సుకు రాకుంటే ఈడికే వచ్చి జుట్టు పట్టుకోని ఈడ్చుకపోతా" అని చెప్పి, ఆమె పోసిన నీళ్ళు తాగి వచ్చేశాను. ఆమె నవ్వుతూ బస్సు దాకా వచ్చింది.

సోమవారం ఆమె వచ్చింది. ఆమె మిషన్ ముందర వేరే లైను అమ్మాయి కూర్చుని ఉంది.

మేనేజరు గదిలోకి దూసుకుపోయాను. ఆయన బల్ల మీద ఆ పుస్తకం తెరిచే ఉంది.

"కూర్చోండమ్మా" అన్నాడు. "మీరు లైను చాలా బాగా నడుపుతారు. ఈ విషయం నుంచి మీరేం నేర్చుకున్నారు?" అని అడిగి, చేతులు కట్టుకుని ఊరుకున్నాడు.

"మా అందరికీ పుస్తకాలు పంచుతారు గానీ రేకు మింద ఒక పట్టా కప్పరని నేర్చుకున్నా సారూ. ఆమె వచ్చింది. ఆమె సీటు ఆమెకియ్యండి."

"చెప్పకుండా మానేసిన మనిషికి..."

"మానేలా చేసింది ఈ పుస్తకం. దాన్ని తీసేయండి సీట్లో నుంచి!"

అప్పుడు పుస్తకం టప్పున మూసి, తన సొంత నోటికి వచ్చాడు. "ఏందమ్మా నీ గోల! సీటు పోయింది అంటే పోయిందే. కావాలంటే ట్రిమ్మింగ్‌లో కూర్చోమను. లేదంటే ఇంటికి పొమ్మను!" ఆ వారమంతటిలో ఆ గదిలో వినపడిన నిజమైన మాట అదొక్కటే.

ట్రిమ్మింగ్ అంటే మిషన్ ఉండదు. నేల మీద కూర్చుని, కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించాలి. కూలి తక్కువ, అది మా లైను కూడా కాదు. మిషన్ మనిషి అక్కడికి పోవడమంటే గుర్రం దిగి నడవడమే. ఆమె తన కత్తెర తీసుకుని పోయి కూర్చుంది.

కొత్త అమ్మాయి జేబులు కూడా వంకర పోయాయి. పోవా మరి? ఎండకు పాత మనిషి, కొత్త మనిషి అని తేడా ఉంటుందా? షిప్‌మెంట్ ఆగిపోతుందనేసరికి మేనేజరు నిచ్చెన తెప్పించాడు. ఎవడో పైకెక్కి పాత టార్పాలిన్ ఒకటి రేకు మీద పరిచి, నాలుగు రాళ్ళు పెట్టి దిగాడు. నేను టీ తాగేంతలో పని అయిపోయింది. జేబులు తిన్నగా వచ్చాయి. ఆ అమ్మాయి బాగా చేస్తోందని, కోచింగ్ ఫలించిందని మీటింగ్‌లో చప్పట్లు కొట్టించారు. నేను కొట్టలేదు. ఆ పూట కొట్టాలనిపించింది చప్పట్లు కాదు.

నిన్న ట్రిమ్మింగ్ వైపు పోతుంటే కుందుర్పి ఆమె తలెత్తి చూసింది. ఒళ్ళంతా నీలం దారపు ముక్కలు. అక్కడి సూపర్‌వైజరు పుస్తకం బాగా వంటబట్టిన మనిషి, అందరినీ మీరు అంటాడు.

"అక్కా, నువ్వు నన్ను తిట్టి శానా దినాలాయ. ఒక మాట తిట్టి పో" అంది నవ్వుతూ.

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. నోరు తెరిచాను. ఇన్నేళ్ళుగా లైనంతా వినపడేట్లు అరిచిన నోటికి ఒక్క తిట్టు రాలేదు.

"బాగుండావా?" అని అడిగాను, మెత్తగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. "బాగుండా మేడం" అని తల వంచుకుని దారాలు కత్తిరించుకుంది.