శుక్రవారపు తప్పులు

ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడానికి ఒక వారం, ఒక వేళ, మోకరించడానికి ఒక చాప ఏర్పాటు చేసిన ఇల్లు ఉందంటే మీరు నమ్మరు. తొంభైల్లో, ఢిల్లీలో జనక్‌పురి దాటాక ఉన్న ఒక కాన్వెంటులో నేను అలాంటి ఇంట్లో బతికాను. బతకడమేమిటి, రాణించాను.

అప్పుడు మేం నోవిస్‌లం. అంటే ఇంకా పూర్తి సిస్టర్లం కాదు. తెల్ల ముసుగు వేసుకుని, మొదటి మాటపట్టు కోసం ఎదురుచూసే ఆడపిల్లలం. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత పాటిస్తామని దేవుడి ముందు మాట ఇస్తే లోపలివాళ్ళమైపోతాం. పెద్దలు పనికిరావంటే పెట్టె సర్దుకోవాలి. ఎనిమిదిమందిలో తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక బక్కపిల్ల. నాకన్నా రెండేళ్ళు చిన్నది, అక్కా అనేది. ఆ పిల్లకి దేవుడంటే పిచ్చి. నాకు అంత లేదు, నలుగురిలో మెప్పు కావాలి, అంతే. మమ్మల్ని తయారుచేసే పెద్ద సిస్టరుని మదర్ అనేవాళ్ళం. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే మదర్ మురిసిపోయేది. చూసి నాకు ఒళ్ళు మండేది.

ప్రతి శుక్రవారం సాయంత్రం అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. ఒక్కొక్కరే మధ్యలో చాప మీద మోకరించి, ఆ వారం చేసిన తప్పులు చెప్పుకోవాలి. గ్లాసు పగలగొట్టాను, ధ్యానంలో కునికిపాట్లు పడ్డాను, మౌనం వేళ నవ్వాను, ఇలాంటివి. అసలు సంగతి ఆ తర్వాత. మిగతావాళ్ళలో ఎవరైనా లేచి, "సిస్టర్, ప్రేమతో చెబుతున్నాను" అని మొదలుపెట్టి, ఆమె చెప్పకుండా వదిలేసిన తప్పు చెప్పాలి. విన్నామె నేల ముద్దుపెట్టుకుని "థాంక్యూ, సిస్టర్" అనాలి. సమర్థించుకోకూడదు. చాలా కాన్వెంట్లలో ఈ ఆచారం అప్పటికే పోయిందట. మా మదర్‌కి మాత్రం ఇది ప్రాణం. ఎవరూ నోరు విప్పకపోతే, "ఈ ఇంట్లో ప్రేమ కరువైందా?" అని దెప్పేది.

మే నెలలో ఒక రోజు ఆ పిల్లా నేనూ బట్టల షెడ్డులో దుప్పట్లు పిండుతున్నాం. ఒక కొస నా చేతిలో, ఇంకో కొస తన చేతిలో. ఉన్నట్టుండి అటు కొస జారిపోయింది. చూద్దును కదా, కింద పడి కొట్టుకుంటోంది, నోట్లో నురగ. మా ఊళ్ళో చేసినట్టే షెడ్డు తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టాను. తాళాలకి తగ్గిందో, దానంతటదే తగ్గిందో, కాసేపటికి కళ్ళు తెరిచింది.

"చిన్నప్పుడు వచ్చేది అక్కా. నాలుగేళ్ళనించీ రాలేదు, పోయిందిలే అనుకున్నా. చేరేటప్పుడు ఫారంలో రాయలా. మదర్‌కి తెలిస్తే పంపించేస్తది. నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పమాక."

"నేనెందుకు చెబుతానే పిచ్చిమొహమా. నా మీద ఒట్టు."

తడి చేతులతో నన్ను పట్టుకుని ఏడ్చింది. మాటపట్టుకి ఇరవై రోజులే ఉంది.

ఆఖరి వారంలో మదర్, బుధవారం నాడే ఒక హుకుం జారీ చేసింది. ఈ శుక్రవారం ఎవరూ తప్పించుకోకూడదు, ప్రతి ఒక్కరూ ఇంకొకరి తప్పు ఒక్కటైనా చెప్పి తీరాలి. శుక్రవారం నా వంతు వచ్చింది, మోకరించాను, నా తప్పులు అప్పజెప్పాను. తర్వాత లేచింది ఎవరనుకున్నారు? నా గుంటూరు పిల్ల.

"సిస్టర్, ప్రేమతో చెబుతున్నాను. మీరు మంచం కింద గోంగూర పచ్చడి సీసా దాచుకున్నారు."

పచ్చడి! ఆదివారం పూజకి వచ్చిన ఒక తెలుగు ఆంటీ నా సంచిలో పెట్టిన సీసా అది. అందులో సగం ఈ మహాతల్లే తింది, వేళ్ళు నాక్కుంటూ మరీ. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా! అందరూ కిసుక్కున నవ్వారు. మదర్ కూడా నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేల ముద్దుపెట్టుకుని, థాంక్యూ సిస్టర్ అని, వెళ్ళి నా చోట కూర్చున్నాను.

తర్వాత ఆ పిల్ల వంతు. తప్పులు చెప్పుకోవడం అయీ అవ్వగానే నేను లేచాను.

"సిస్టర్, ప్రేమతో చెబుతున్నాను. మీకు మూర్ఛ ఉంది. ఫారంలో రాయకుండా మదర్‌ని మోసం చేశారు."

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల నా వంక చూడలేదు. వంగి నేల ముద్దుపెట్టుకుని, "థాంక్యూ, సిస్టర్" అంది. అప్పుడు నాకు జాలి వేసిందని రాస్తే అది అబద్ధం. హాయిగా ఉంది.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మందులు వాడితే అదుపులో ఉండే జబ్బేనని డాక్టరు చెప్పాడట. దాచిపెట్టింది కాబట్టి పనికిరాదని మదర్ తేల్చేసింది. నన్ను పిలిచి భుజం తట్టి, "ధైర్యం చేశావు" అని మెచ్చుకుంది. తెలుగు వచ్చినదాన్నని, రైలెక్కించి రమ్మని నన్నే పంపింది.

ఆటోలో వేడిగాలి మొహాన కొడుతోంది. వచ్చేటప్పుడు వేసుకొచ్చిన పంజాబీ డ్రెస్సు ఇప్పుడు ఆ పిల్లకి వదులైపోయింది. ముసుగు తీసేసరికి పొట్టి జుట్టు బయటపడింది. దుపట్టా తల మీదికి లాక్కుని, దాంతోనే కళ్ళు ఒత్తుకుంటూ అంది.

"అందరూ ఒకటి చెప్పి తీరాలన్నారుగా అక్కా. రెండు రోజులు ఆలోచించా, ఎవరికీ దెబ్బ తగలంది ఏముందా అని. పచ్చడైతే నవ్వి ఊరుకుంటారు గదా అనుకున్నా. నీకు అంత కోపం వచ్చుద్దనుకోలా."

క్షమించమని అడగాల్సింది. మాట రాలేదు. రాకపోవడమేమిటి, నేనే రానివ్వలేదు. "రోడ్డు మీద ఏడవకు" అన్నాను.

"ఊళ్ళో ఎవరికీ తెలవదులే. అమ్మకొక్కదానికే తెలుసు. ఢిల్లీ ఎండ పడలేదని చెప్పుకుంటా. మందులు వాడి, ఇంకో కాన్వెంటులో అడుగుతా. ఈసారి దాచను అక్కా, నేనే చెబుతా."

రైల్లో ఎదుటి సీట్లో ఒక తెలుగు కుటుంబం, అంకుల్, ఆంటీ, ఒక చంటివాడు. ఆయనకి కంటోన్మెంటులో ఉద్యోగమట. మా మాటలు వినగానే ఆంటీ "మనోళ్ళేనా!" అని పక్కకి జరిగి చోటిచ్చింది. ఏ ఊరని అడిగి, వినగానే ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఓరి దేవుడో, మా ఆడపడుచునిచ్చింది ఆ ఊరే! సెలవులకి వెళ్తున్నావా అమ్మా?"

"అవునాంటీ. ఢిల్లీ ఎండ పడలా."

ఆంటీ తన చంటివాణ్ణి తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. వాడు దుపట్టా లాగాడు. శుక్రవారం తర్వాత మొదటిసారి ఆ పిల్ల నవ్వింది. నేను ప్లాట్‌ఫారం మీదికి దిగి, కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. దారిలో మూర్ఛ వస్తే ఎవరు చూస్తారన్నది నిజమే. కానీ నన్ను కదిలించింది ఆ భయం కాదు, ఆ నవ్వు. నన్నింత దోషిని చేసి, తను హాయిగా వెళ్ళిపోతోందనిపించింది.

"ఆంటీ, కాస్త కనిపెట్టుకుని ఉండండి. ఈ అమ్మాయికి మూర్ఛ వస్తుంది. అందుకే పంపించేశారు."

"అమ్మో!" అని ఆంటీ చంటివాణ్ణి లాగేసుకుంది. "ముందే చెప్పొద్దూ?"

అప్పుడు చూసింది ఆ పిల్ల నా వైపు.

"ఇక్కడ కూడానా అక్కా?"

రైలు కదిలింది. మూడు రోజుల తర్వాత నేను మాటపట్టు చేశాను. నాలుగేళ్ళకి విసుగొచ్చి, ఎవరూ పొమ్మనకుండానే, నా అంతట నేనే బయటికి వచ్చేశాను.