స్వరూప మిల్లుకు ఎవరొస్తారు?

కరోనా సద్దుమణిగిన తర్వాత, హనుమకొండలోని పరిశ్రమల కార్యాలయంలో నా ఆఖరి పోస్టింగు. హోదా ఇండస్ట్రియల్ ప్రమోషన్ ఆఫీసరు. సర్వీసు మొత్తంలో నాకు దక్కిన ప్రమోషను ఆ హోదాలో ఉన్న మాటొక్కటే. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లు సబ్సిడీ రుణానికి దరఖాస్తు చేస్తే, స్థలాన్నీ మనిషినీ చూసి, యూనిట్ నిలబడుతుందో లేదో నివేదిక రాయడం నా పని. దానిమీద కమిటీ కూర్చుంటుంది. ముందు అధ్యక్షుడి మాట, తర్వాత బ్యాంకు మేనేజరు మాట, ఆపైన టీ. టీ అయ్యాక సమయం మిగిలితే నా మాట.

నెక్కొండ నుంచి స్వరూప అనే రైతు మహిళ కారం మిల్లు కోసం వచ్చింది. భర్త ఐలయ్యకు ఆటో ఉంది, ఇద్దరికీ కలిపి కాస్త మిర్చి చేను, కిరాయికి మాట్లాడుకున్న రేకుల షెడ్డు. ‘ప్రమోటరు సొంత వనరులు’ అన్న గడిలో అంతకు మించి రాయడానికేమీ లేదు. వ్యాపారంలో చుట్టాలు అసలే లేరు.

కమిటీలో బ్యాంకు మేనేజరు అడ్డు చెప్పింది వేరే సంగతి మీద. మిర్చి పొడి కొట్టేముందు తొడిమలు తీయాలి, లేకపోతే కారం రంగు చెడుతుంది. ఆ పని ఆడవాళ్లదే. సీజన్లో వాళ్లంతా చేలల్లో ఉంటారు.

“పెద్ద మిల్లు సేట్లే ఆటోలు పంపి బతిమాలుతున్నరు. నీకెవరొస్తరమ్మా?” అన్నాడాయన.

“మా వాడ ఆడోళ్లు వస్తరు సారు.”

“రాసిచ్చిన్రా?”

“రాసిచ్చుడేంది సారు? వాళ్ల చేన్లకు నేను బదులు పోయిన. నా పనికి వాళ్లు వస్తరు.”

బదులంటే కూలి లేని ఏర్పాటు. నీ చేనికి నేనొస్తాను, నా చేనికి నువ్వు రావాలి. మేనేజరు నవ్వాడు. స్వరూప నవ్వలేదు.

“నమ్మకం లేకుంటే నెక్కొండకు రాండ్రి. సీజన్ల రాండ్రి, ఖాళీ దినాల్ల కాదు,” అని లేచి వెళ్లిపోయింది.

అధ్యక్షుడు నన్ను పంపాడు. కూలీలు దొరకరని రాసుకొస్తే ఫైలు మూసేయొచ్చని ఆయన ఉద్దేశం.

మిర్చి ఏరుడు ముమ్మరంగా ఉండగా రైలు దిగి వెళ్లాను. షెడ్డు ముందు టార్పాలిన్ పట్టా మీద, తొడిమలు తీయడానికి ఆమె చేని మిర్చి కుప్ప పోసి ఉంది. తుమ్ముతూనే తనిఖీ మొదలుపెట్టాను. ప్రభుత్వం ఇంతకంటే స్పష్టంగా శకునం చెప్పలేదు. కుప్ప దగ్గర స్వరూప ఒక్కతే ఉంది. నా నివేదిక దానంతటదే తయారవుతున్నట్టనిపించింది.

అంతలో ఆడవాళ్లతో కిక్కిరిసిన పెద్ద మిల్లు సేటు ఆటో వచ్చింది. షెడ్డు ముందుకు రాగానే లచ్చమ్మ అనే పెద్దావిడ డ్రైవరు వీపు మీద ఒక్కటిచ్చి ఆపించింది.

“ఏయ్ లచ్చమ్మా, ఎటు దిగుతానవ్? సేటు ఇయ్యాల కూలి పెంచిండు!”

“పెంచితే నువ్వే పోయి తొడిమలు తియ్ బిడ్డా. నా కోడలు కాన్పుకు దవాఖానల ఉన్నప్పుడు నా చేన్ల మిర్చి ఏరిందెవలు? నీ సేటా?”

ఒకరి వెనుక ఒకరు దిగారు. ఇద్దరు మాత్రం దిగలేదు.  “పోనియ్, వాళ్లకు పైసల జరూరతున్నది,” అని స్వరూప చాట అందుకుంది.

కూలీలున్నారని, ఈమె సొంత పెట్టుబడి వీళ్లేనని రాశాను. ఆ వాక్యం మార్చమన్నాడు అధ్యక్షుడు.

“మార్చను సార్. నా ప్రమోషను ఆపుతామంటారా, అది సర్వీసంతా ఆగే ఉంది. చూసింది రాశాను. నమ్మకపోతే మీరూ వెళ్లి తుమ్మి రండి,” అన్నాను. ఆ రోజు టీకి ముందే మాట్లాడాను. గొణుక్కుంటూనే మంజూరు చేశారు.

మిల్లు మొదలయ్యాక బజారు దుకాణాలవాళ్లు సేటుకు జడిసి ఆమె కారం పెట్టుకోలేదు. ఆ ఆడవాళ్ల పుట్టిళ్ల ఊళ్లలో ఇంటింటికీ అమ్మింది. అడిగేవాళ్లు పెరిగాక, సరుకు పంపమని దుకాణాలవాళ్లే ఫోన్లు చేశారు.

రిటైరయ్యాక ఒకసారి అటు వెళితే మిల్లు తాళం వేసి ఉంది. కంగారుపడి ఫోన్ చేశాను.

“ఫికర్ చెయ్యకుండ్రి సారు, మిల్లు మంచిగనే నడుస్తాంది. ఇయ్యాల లచ్చమ్మ చేన్ల ఉన్న. రేపు రాండ్రి,” అంది.

వ్యాపారానికి మనుషుల అండ ఉండాలని శిక్షణ తరగతుల్లో నేనే ఏళ్ల తరబడి చెప్పాను. ఆ అండను నిలుపుకోవడానికి నడుస్తున్న మిల్లును ఒక రోజు ఆపి చేలో నడుము వంచాల్సి ఉంటుందని మాత్రం ఆ తాళం చూశాకే తెలిసింది.