చెయ్యి దించి గీసిన గీత

తొమ్మిదేళ్ళుగా ఒక గీత గురించి నేను ఎవరికీ చెప్పలేదు. వేలెడు పొడవున్న గీత. నా భార్య ఒంటి మీద, కుడి చంక కింద, నేను గీసింది. దాన్ని తలుచుకోని రోజు లేదని అనను. అలాంటి రోజులు ఉన్నాయి. ఉన్నందుకు కూడా సిగ్గుపడుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే సగంలోనే ఆపి ఓదారుస్తారు. మీరు చివరిదాకా వినండి.

మాది ఖరగ్‌పూర్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చాడు. నాన్నా అందులోనే, నేనూ అందులోనే. నా పని గీతలు గీయడం. గూడ్సు వాగన్లకు వాడే ఉక్కు పలకను బల్ల మీద పరిచి, సుద్ద పూసి, స్కేలు ఆనించి, ఉక్కు ములికితో గీసేవాణ్ణి. ఎక్కడ కోయాలో, ఎక్కడ కన్నం వేయాలో ఆ గీత చెబుతుంది. నా తరవాత కోసేవాడు మళ్ళీ కొలవడు. గీతను నమ్మి కోస్తాడు. గీత తప్పయితే కోసినవాడి తప్పు కాదు, గీసినవాడిదే. ముప్పై ఆరేళ్ళు ఈ సంగతి నేను కొత్తవాళ్ళకు నేర్పాను.

నా భార్య పేరు పైడి. మా మేనత్త కూతురు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా నన్ను బావా అనే పిలిచేది. నేను రిటైరయి ఆ ఊళ్ళోనే మలంచాలో ఇల్లు తీసుకున్న మరుసటి ఏడు ఆమె కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది. తరవాత ఐదు వారాలు రేడియేషన్ ఇవ్వాలన్నారు. వారానికి ఐదు రోజులు పొద్దున్నే లోకల్ ఎక్కి కలకత్తా ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం దాటాక తిరుగు బండి.

మొదటి రోజు అక్కడ మిషను చూసే అమ్మాయి పైడిని పడుకోబెట్టి, కుడి చెయ్యి తల మీదికి పెట్టించి, ఛాతీ మీదా పక్కనా ఊదారంగు సిరాతో గీతలు గీసింది. రోజూ మిషను వెలుగును ఆ గీతలకు కలిపి, ఆ తరవాతే కిరణం ఇస్తారు. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. వచ్చినవాళ్ళందరూ ఆమెను దీదీ అనేవారు. మేమూ అలాగే పిలిచాం. ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ఆమే మాకు చెప్పింది. అక్కడ సబ్బు వద్దు, పౌడరు వద్దు, నూనె వద్దు. ఉత్త నీళ్ళు పోసి మెత్తటి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. ఎండ తగలకూడదు, బిగుతు బట్టలు వద్దు. గీత చెరిగితే వచ్చి చెప్పండి, మేం మళ్ళీ గీస్తాం, మీరు మాత్రం దిద్దకండి అంది. ఆ చివరి మాట రెండుసార్లు చెప్పింది.

మూడు వారాలు అన్నీ సరిగ్గా చేశాను. రవిక ఒరుసుకుంటోందని నా పాత బనియన్లు తిరగేసి తొడిగాను, కుట్లు చర్మానికి తగలకుండా. ప్లాట్‌ఫారం మీద ఆమె కుడి వైపుకు గొడుగు పట్టాను. పాత పంచె చింపి, ఉతికి, గీతలను వదిలి నీళ్ళు అద్దాను. నా గొప్ప కోసం ఇవన్నీ చెప్పడం లేదు. తెలియక చేశానని మీరు అనుకోకూడదు, అందుకు.

నాలుగో వారానికి అక్కడి చర్మం ఎర్రబడి, తరవాత నల్లబడింది. పొడిబారి దురద. జ్యేష్ఠ మాసపు ఎండలు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె గోడ వైపు తిరిగి పడుకుని, చప్పుడు కాకుండా ఏడుస్తోంది. నేను కొబ్బరినూనె సీసా తెచ్చాను. ఆ దీదీ వద్దంది కదా అని ఆమె గుర్తుచేసింది. ఒక్కసారికి ఏం కాదన్నాను. రాశాను. ఆమె నిద్రపోయింది. నాకు అది గెలుపులా అనిపించింది.

సోమవారం పొద్దున బండికి ముందు ఆ జిడ్డు పోవాలని గుడ్డతో తుడిచాను. తుడిచాను అంటున్నాను, నిజానికి రుద్దాను. గుడ్డకు ఊదారంగు అంటింది. చంక కింద ఉండాల్సిన గీత లేదు. మిగతావి ఉన్నాయి.

"పోయిందేటి?" అంది పైడి. మంచం అంచున కూర్చుని ఉంది.

"పోయింది."

"ఇప్పుడేటి సేద్దుం బావా?"

"నాను గీస్తాను. ముప్పై ఆరేళ్ళు నా పని ఇదే గదా."

బల్ల సొరుగులోంచి స్కేలూ ఊదారంగు పెన్నూ తీశాను. ఆమె నవ్వింది. చాలా రోజుల తరవాత నవ్వింది.

"నానేటి వాగన్నా? డోరుకి కన్నమెడతావేటి?"

"కదలకు."

"కదల్నులే. తిన్నగా గియ్యి. వంకర పోయిందంటే ఆ దీదీ నిన్ను స్క్రాపులో పడేస్తాది."

ఛాతీ మీద మిగిలిన గీత నుంచి కొలిచి గీశాను. తిన్నగానే వచ్చింది. ఆమె అద్దంలో చూసుకుంది. బనియను దించుకుంటూ, నవ్వు తగ్గించి, ఇలా అంది.

"ఎల్లగానే ఆ పిల్లకి సెప్పీ బావా. గీత పోయింది, నానే గీసినానని. దాసకు."

"ఠీక్ హై. సెప్తాన్లే."

చెప్పలేదు. పైడి లోపల బట్టలు మార్చుకుంటుంటే, మిషను గది తలుపు దగ్గర ఆ అమ్మాయే అడిగింది. "కాకూ, దాగ్ ఠీక్ ఆఛే తో?" గీతలు సరిగ్గానే ఉన్నాయి కదా అని. రోజూ అందరినీ అడిగే మాట అది. "ఠీక్ హై" అన్నాను. గీత సంగతి చెబితే నూనె సంగతీ చెప్పాలి. మళ్ళీ కొలతలంటే ఆ రోజు పోతుంది. చిన్నపిల్ల చేత చీవాట్లు. ఇవన్నీ అప్పుడు కారణాల్లాగే కనిపించాయి. వాటి అడుగున ఇంకొకటి ఉందా? నా చేతి మీద నాకున్న నమ్మకం, ఆమె చర్మం మీద ఉన్న ప్రేమ కంటే ఎక్కువా? దీన్ని చాలాసార్లు అడుక్కున్నాను. ప్రతిసారీ వేరే జవాబు వచ్చింది. వేరే జవాబులు వస్తున్నాయంటే అసలు జవాబు నాకు ఇష్టం లేనిదే అయి ఉంటుంది.

తిరుగు బండిలో పైడి అడిగింది, "సెప్పినావా?" అని.

"సెప్పినాను."

"ఏటందీ?"

"ఏటీ అన్లేదు. బాగా గీసినారంది."

ఈ చివరి మాట ఎవరూ అడగలేదు. నేనే కలిపాను. పైడి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. మొగుడి పనితనాన్ని కలకత్తా ఆసుపత్రిలో మెచ్చుకున్నారని.

ఐదు రోజులు అలాగే గడిచాయి. చంక లోపల మంట అని ఆమె రెండో రోజు నుంచే చెబుతోంది. నేను నీళ్ళు అద్దుతున్నాను. శుక్రవారం డాక్టరు చూసే రోజు. చెయ్యి ఎత్తమన్నాడు. పైడి ఎత్తింది. ఆమె చేతితో పాటు చర్మం సాగి, నా గీత పైకి వెళ్ళింది. నా కళ్ళ ముందే రెండు వేళ్ళంత పైకి వెళ్ళింది. ఆమె కూర్చుని, చెయ్యి దించుకుని ఉన్నప్పుడు నేను గీశాను. ఉక్కు పలక ఎటు తిప్పినా పలకే. గీసిన గీత గీసిన చోటే ఉంటుంది. మనిషి చర్మం అలా ఉండదని నాకు ఆ నిమిషం దాకా తోచలేదు. చంక లోపల ఒక పట్టీ మేర తోలు ఊడి, తడిగా, ఎర్రగా ఉంది. అక్కడ కిరణం తగలాల్సిన పనే లేదు. తగలాల్సిన చోట ఒక అంచుకు ఆ ఐదు రోజులూ తగల్లేదు.

డాక్టరు ఆ అమ్మాయిని పిలిపించాడు. మా ముందే, బెంగాలీలో, రోజూ చూస్తూ ఇది నీకు కనబడలేదా అని అడిగాడు. "దాగ్ మీదే పెట్టాను సార్" అంది. అది నిజం. గీతను నమ్మింది. ఒకసారి నా వైపు చూసింది. నేను చేతిలో ఉన్న గొడుగు మడతలు సర్దుకున్నాను.

పుండు మానేదాకా రేడియేషన్ ఆపారు. పది రోజులు. ఇచ్చిన మందు పలచగా రాసి, ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ వేసి, చంకలో చర్మానికి చర్మం అంటకుండా మెత్తటి గుడ్డ మడత పెట్టి, గంటకోసారి చూసుకున్నాను. ఏ నర్సూ అంత శ్రద్ధగా చెయ్యదని పైడి అంది. నేను ఇంకో గుడ్డ తడిపాను.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆమె అన్న మాట ఇది. "నీ గీత పక్కకెల్లిపోయింది, నాకూ తెల్సు. పోనీలే బావా, నువ్వు ముందే సెప్పినావు గదా, సూసుకోవాల్సింది ఆల్లే. అయినా ఆ పిల్ల సూడు, అంతలేసి మాటలు పడింది గానీ నీ పేరెత్తలేదు. ఏ తల్లి కన్నాదో."

పైడి గీతను క్షమించింది. అబద్ధం ఆమెకు తెలియదు. నా భార్య నన్ను క్షమించిందని నేను చెప్పుకోలేనిది అందుకే.

కుడి చెయ్యి కదలక, ఎడమ చేత్తోనే ఆమె ఆ అమ్మాయి కోసం సున్నుండలు చుట్టింది. ఒక్కటీ గుండ్రంగా రాలేదు. డబ్బాలో పెట్టి, రేడియేషన్ మళ్ళీ మొదలైన రోజు పట్టుకెళ్ళాం. మిషను దగ్గర వేరే అతను ఉన్నాడు. ఆ అమ్మాయిని ఇంకో విభాగానికి పంపారన్నాడు. ఏ విభాగానికి అని పైడి అడుగుతుంటే, టైమవుతోంది లోపలికి వెళ్ళమని తొందరపెట్టాను. డబ్బా అలాగే ఇంటికి తిరిగొచ్చింది. ఆ సున్నుండలు నేనూ తిన్నాను.

రెండేళ్ళకు జబ్బు కాలేయానికి వచ్చింది. పైడి పోయింది. ఆ ఐదు రోజుల వల్లా, ఆ పది రోజుల వల్లా అలా జరిగిందా? కాకపోవచ్చు. డాక్టరును ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయేదేమో. అడగలేదు. కాదంటే నేను దాన్ని పట్టుకుని తేలిగ్గా బతికేస్తాను. అవునంటే ఏం చేస్తానో తెలియదు. ఇప్పటికీ అడగలేదు.

మా అమ్మాయి ఈ ఊళ్ళోనే ఖరిదాలో ఉంటుంది. నేను గీశానని పైడి తనకు చెప్పలేదు. నన్ను కాచింది. మా అమ్మాయి దృష్టిలో వాళ్ళమ్మను కాల్చింది ఆ మిషను పిల్ల. ప్రతి సంవత్సరీకానికీ వచ్చినవాళ్ళకు ఈ కథ చెబుతుంది. నేను వడ్డిస్తూ వింటాను.

మొన్నటి సంవత్సరీకానికి తన ఆడపడుచును తీసుకొచ్చింది. ఆమెకు వచ్చే వారం నుంచి రేడియేషన్. "ఆల్లని నమ్మకొదినా. గీతలు నువ్వే సూసుకో, అక్కడ అంతా కుర్రపిల్లలే" అని మా అమ్మాయి చెబుతోంది. ఆమె భయంగా తల ఊపుతోంది. నా చేతిలో మజ్జిగ గిన్నె ఉంది. కింద పెట్టాను.

"గీత పోతే నువ్వు ముట్టుకోకమ్మా. మీ ఆయన్నీ గియ్యనీకు. ఆ పిల్లకే సెప్పు. నూనె రాసినా సెప్పీ. ఏటి జరిగినా ఆ పిల్లకి సెప్పీ" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. ఎందుకని మా అమ్మాయి అడిగింది. అంతేలే అన్నాను. మజ్జిగ వడ్డించాను.

ఎందుకన్నది ఇక్కడ రాశాను. వినాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు. రెండో మనిషి ఎక్కడుందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ బండి ఎక్కలేదు. మా అమ్మాయికి చెబుతానో లేదో మీకు మాట ఇవ్వలేను. నా మాట ఎలాంటిదో చూశారు కదా.

ఆ రోజు తలుపు దగ్గర అనాల్సింది ఇంతే: దీదీ, నూనె రాశాను, గీత పోయింది, నేనే మళ్ళీ గీశాను.

ఈ ఒక్క మాట రాసి, ఒకసారి పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు. ఒక్క ఊపిరిలో అయిపోయింది.