డోలు కొట్టినాయన పేరు

వికారాబాద్‌లో రైలెక్కి, ఫోన్‌లో పాత అమెరికన్ కంట్రీ రాక్ ఆల్బమ్ ఒకటి పెట్టుకున్నాను. ఎవరూ పట్టించుకోక మరుగునపడిన ఆల్బమ్ అది. అందులో పెడల్ స్టీల్ గిటార్ అచ్చం మనిషి ఏడ్చినట్టే మోగుతుంది. పక్కన కూర్చున్న కురుమల అవ్వ తానూ వింటానంటే ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను.

"ఎవలు బిడ్డా, తీగెను గిట్ల ఏడిపిస్తున్నది?"

"తెలీదవ్వా. ఆల్బమ్ అట్ట మీద పాడినాయన పేరే వేశారు."

"మా ఇంటాయనది గూడ గంతే. బంట్వారం దిక్కు ఒగ్గు కథల డోలు కొట్టేటోడు. కథ చెప్పినోడే అందరికి యాదికున్నడు. మా ఆయన పోయి మస్తు ఏండ్లాయె." అవ్వ నా ఫోన్ వైపు చూసింది. "గింత పాతది దొరికింది గద. జర ఆయన డోలు గూడ దేవులాడు, బిడ్డా."

పేరు అడిగాను. ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, "మల్లయ్య" అంది.

ఫోన్‌లో వెతికితే తెర నిండా మల్లయ్యలు వచ్చారు. బంట్వారం డోలు మల్లయ్య లేడు. ఆ మాట చెప్పలేక ఇంకా వెతుకుతున్నట్టే వేలు కదుపుతూ కూర్చున్నాను.

పాట ఎప్పుడో ఆగిపోయింది. తాండూరు వచ్చేదాకా అవ్వ ఇయర్‌ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకునే ఉంది.