అంగూరు తోటలో మందుల కంపెనీ

ఉప్పల్ చుట్టూ అక్కడొకటి ఇక్కడొకటి ద్రాక్ష పందిళ్లు ఇంకా మిగిలివున్న రోజులవి. అందరూ తీగలు పీకేసి ప్లాట్లు చేసుకుంటుంటే మా నాన్న కూడా ఓ పొద్దున చాయ్ తాగుతూ, "ఈ ఏడు పందిరి తీసేస్తున్న. కాయ పుల్లగైంది, ఎవ్వడు కొంటలేడు" అన్నాడు. నేనప్పుడు నాచారంలో ఓ మందుల కంపెనీ ల్యాబులో కొత్తగా చేరాను. (మా వాడలో సగంమంది అది వేరే మందు అనుకున్నారు.) తాత బతికున్నప్పుడు పండక్కీ పెళ్లికీ ఆ తోట పళ్లతోనే వైన్ చేసేవాడట. "నేను మళ్లీ చేస్త, బాపూ. వైన్ కుదిరితే తీగలు ఉంచుతవా?" అన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆడపిల్ల మందు కాస్తదని తెలిస్తే సంబంధాలొస్తయా?" నాన్న మాత్రం నవ్వి, "కానియ్, సూద్దాం" అన్నాడు.

నానమ్మ చెప్పినట్టు పళ్లు పిసికి, చక్కెర కలిపి, ఊరగాయ జాడీలో పోశాను. పొంగు తగ్గాక వడకట్టి, మూత బిగించి మూలన పెట్టాం. "ఇగ దాని దిక్కు సూడొద్దు" అంది నానమ్మ. ఎవరు విన్నారు? ల్యాబు బుద్ధితో నేను మూత తీసి వాసన చూసేదాన్ని, భయంతో అమ్మ తీసేది, ఊరికే తమ్ముడు తీసేవాడు. ఎండాకాలం అయిపోవస్తుండగా మల్కాజిగిరి నుంచి మేనత్త, మామయ్య భోజనానికొస్తే, స్టీలు గ్లాసుల్లో పోసి గర్వంగా ముందు పెట్టాను. మామయ్య ఒక్క గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.

"ఏంది బిడ్డా, ఇది సిర్కా!" అన్నాడు చివరికి.

అన్నిసార్లు మూత తీయడంతో వైన్ కాస్తా పులిసి వెనిగర్ అయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తీగల పని అయిపోయిందనుకున్నాను. జన్మలో చుక్క ముట్టని నాన్న మామయ్య గ్లాసందుకుని, కోసిన ఉల్లిగడ్డల మీద ఒంపి, కోడికూరలోకి నంజుకున్నాడు. ఇంకో ముక్క. ఇంకోటి. "అరే, మస్తుందే! ఇంకుందా?" జాడీ నిండా ఉంది. "అయితే రెండు వరసలు ఉండనియ్. పొల్ల సిర్కా చేస్తది" అన్నాడు. మిగతా తోట ప్లాట్లయింది. ఆ రెండు వరసలు నిలిచాయి.

మరుసటేడు నానమ్మ జాడీని తన మంచం కిందికి తోయించి, ఎవరొచ్చినా కర్ర చూపించింది. ఈసారి మూత తీస్తే ఇల్లంతా పండు వాసన. నానమ్మకు చాయ్ కప్పులో కొంచెం పోసిచ్చాను. చప్పరించి, "గిదే. మీ తాతది గిట్లనే ఉండేది" అంటూ కప్పు మళ్లీ చాపింది. ఆ రెండో కప్పుతో, అమ్మ ఎంత వద్దన్నా వినకుండా, తాత తనను పెళ్లికి ముందు దొంగచాటుగా చూడటానికొచ్చి పందిట్లో తేనెటీగలతో కుట్టించుకున్న కథ చెప్పింది. నాన్నకు నలభై ఏళ్లు దాటాక తెలిసిన సంగతది. ఆయనా వాసన చూసి, "మంచిగనే ఉంది గని, సిర్కా ఏదే?" అని కాస్త దిగులుగా అడిగాడు.

ఆ తర్వాత చాలాసార్లు చేశాను, ఇంకా బాగా కుదిరింది కూడా. కానీ చీరకొంగుతో మూతి తుడుచుకుంటూ కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడిన నానమ్మను చూసి, ఇదంతా నా చేతి మహిమేనని ఉప్పొంగిపోయిన ఆ ల్యాబు పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, ఆవిడ సిగ్గుపడింది కప్పులో తాతను చూసి అని దానికేం తెలుసు!